నరము లేని నాలుక అనుట నిజమేనా? – పలుకునపుడు, మ్రింగునపుడు నాలుక కదలికను కొలుచు విధము

మాట నిలుపుకొనని వానిని గూర్చి చెప్పునపుడు "నరము లేని నాలుక" అని మన పెద్దలు అనుచుందురు. తమిళులకు కూడ ఇదే నుడికారము కలదు. లోకరీతికి ఆ మాట చక్కగా అమరినను, శరీరశాస్త్రము చెప్పునది వేరు. నాలుకకు లేనిది నరము కాదు, ఎముక. మెదడు నుండి వెలువడు పండ్రెండు జతల నరములలో చివరి జత నాలుకను కదల్చుట కొరకే ఏర్పడినది. స్పర్శను, రుచిని మెదడునకు చేరవేయు నరములు వేరుగా కలవు. నాలుక లోపల నాలుగు విధముల కండరములును, దానిని దవడకు, గొంతులోని చిన్న ఎముకకు, కపాలమునకు, అంగిలికి కట్టియుంచు మరి నాలుగు విధముల కండరములును ఉన్నవి.

ఎముక లేకపోవుటయే నాలుకకు బలము. నీరు నింపిన తోలుసంచిని ఒకచోట నొక్కినచో మరియొకచోట ఉబ్బును. నాలుకయు అట్టిదే. సన్నబడినచో పొడవగును, వెడల్పయినచో పలుచబడును. ఏనుగు తొండము కూడ ఈ సూత్రము మీదనే పని చేయును.

ఈ నాలుకకు ముఖ్యమైన పనులు రెండు. ఒకటి పలుకుట, రెండవది మ్రింగుట. మొదటిది చెడినచో ఇంటి మాట చెడును. రెండవది చెడినచో ప్రాణమునకే ముప్పు. ఈ రెండును పెదవుల వెనుక చీకటిలో జరుగును గనుక కంటికి కనబడవు. ఆ చీకటిలోనికి చూచి, నాలుక కదలికను కొలిచి చూపు సాధనములు నేడు కలవు. అవి ఎట్లు పని చేయును, మన తెలుగు పలుకును గూర్చి ఏమి తెలిపినవి, ఇంటిలోని పెద్దలకో పిల్లలకో అవసరము కలిగినపుడు మనము వైద్యులతో ఏమి చెప్పవలెను అను విషయములను ఇందు వివరింతుము.

నాలుక మీదనే నిలిచిన భాష

సరిహద్దు గ్రామములలోని మనకు రెండు భాషల బ్రతుకు క్రొత్త కాదు. అయితే మనకంటె ఎంతో దక్షిణమున, కోయంబత్తూరు, మధుర సీమలలో స్థిరపడిన తెలుగువారు ఈ బ్రతుకును కొన్ని వందల ఏండ్లుగా గడుపుచున్నారు. విజయనగర ప్రభువుల కాలమున దక్షిణమునకు సాగిన వలసలు, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన నెలకొల్పిన పిమ్మట మరింత పెరిగినవి. మధుర నాయకుల పాలన 1736లో ముగిసినది. పాలన పోయినను ప్రజలు పోలేదు. కమ్మవారు, బలిజలు, గవరలు, రెడ్లు, రాజులు, రాజకంబళపు నాయకులు, అరుంధతీయులు మొదలగు పలు వర్గముల వారు నల్లరేగడి నేలలలోను, మగ్గముల ఊళ్ళలోను, మిల్లుల పట్టణములలోను నిలిచిపోయిరి. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షల మంది.

ఈ ఇండ్లలో చాలవరకు తెలుగు చదువబడునది కాదు, పలుకబడునది మాత్రమే. బడి చదువు తమిళమున గాని ఆంగ్లమున గాని సాగును. తమిళ అభ్యసన చట్టము 2006లో వచ్చిన పిదప తరగతి వెంట తరగతిగా తమిళము తప్పనిసరి పాఠమైనది. కోవిల్‌పట్టి చేరువలోని ఇడైసెవల్ గ్రామమున తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) తమ పూర్వుల వలస కథను తమిళ నవలలుగానే వ్రాసిరి. వానిలో ఒకదానికి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. ఇట్టి ఇండ్లలో తెలుగు పుస్తకమున లేదు, ఫలకము మీద లేదు. అవ్వ నాలుక మీద ఉన్నది. ఆ నాలుక తడబడిన నాడు ఆ ఇంటి తెలుగు తడబడును. కనుకనే నాలుకను గూర్చిన శాస్త్రము మనకు దూరపు విషయము కాదు.

మాత, మాట – నడుమ ఉన్న దూరము

పాఠకులు ఈ జంట పదములను మెల్లగా పలికి చూడవలెనని కోరుచున్నాము: మాత – మాట, వాదు – వాడు, కల – కళ. ప్రతి జంటలోని మొదటి మాటకు నాలుక కొన పై పండ్ల వెనుకనో, వాని మొదటనో తాకును. రెండవ మాటకు నాలుక కొన పైకి లేచి వెనుకకు మడగి అంగిలి వంపును తాకును. తేడా వ్రేలెడైనను లేదు. కాని ఆ కొద్దిపాటి తేడాయే "మాత"ను "మాట"గా మార్చును.

మన ప్రాచీన శిక్షా ప్రాతిశాఖ్య గ్రంథకర్తలు ట, డ, ణ వంటి ధ్వనులను మూర్ధన్యములనిరి. నాలుక కొనను వెనుకకు మడిచి నోటి కప్పునకు తాకించుట వలన ఇవి పుట్టునని ఏ యంత్రమును లేని కాలముననే చెప్పిరి. తమ నోటిలోని స్పర్శయే వారికి కొలబద్ద.

యంత్రముల సాక్ష్యము తరువాత వచ్చినది. ప్రాగ్ నగరపు పండితులు స్వర్నీ, జ్వెలెబిల్ 1955లో ముఖ్యముగా తమిళమును తీసికొని, అంగిలి ముద్రల తోడను ఎక్స్‌రే చిత్రముల తోడను ఈ ధ్వనులను పరిశీలించిరి. పిమ్మట 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు పీటర్ లాడిఫోగెడ్, తెలుగు భాషాశాస్త్రవేత్త పేరి భాస్కరరావు కలిసి హిందీ, తమిళ, తెలుగు భాషలు మాట్లాడువారి ఎక్స్‌రే చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. వారికి తేటపడిన సంగతి ఇది: హిందీవారు "ట" పలుకునపుడు చాలవరకు నాలుక కొనతో అంగిలిని తాకుదురు. తెలుగువారును తమిళులును నాలుకను ఇంకను వెనుకకు మడిచి, కొన యొక్క క్రింది భాగముతో అంగిలిని తాకుదురు. వ్రాతలో "ట" ఒకటే, నాలుక పని వేరు. మన నాలుక మడుపు తమిళుల మడుపునకు చుట్టము, హిందీవారి మడుపునకు కాదు.

తమిళమునకు మనకు ఉన్న చుట్టరికమును మరియొక ధ్వని కూడ చూపును. మనము "ఏడు" అనునది తమిళమున "ఏఴు". మన "కోడి" వారికి "కోఴి". ఈ "ఴ" ఒకప్పుడు తెలుగున కూడ ఉండెను. కడప సీమలోని రేనాటి చోళుల తొలి తెలుగు శాసనములలో ఆ అక్షరము కనబడును. కాలక్రమమున అది తెలుగున పలుచోట్ల "డ"గా మారినది. "చోఴ" అను పేరే తెలుగున "చోడ" అయినది.

ఈ "ఴ" పలుకునపుడు నాలుక ఏమి చేయును? శ్రీకాంత్ నారాయణన్, ఆయన సహచరులు 1999లో ప్రకటించిన పరిశోధనలో తమిళములోని ర, ల జాతి ధ్వనులైదింటిని ఎమ్మారై చిత్రములతోను, నాలుకకు అతికించిన చిన్న తీగచుట్టలతోను కొలిచిరి. "ళ" పలుకునపుడు నాలుక కొన అంగిలిని తాకును. "ఴ" పలుకునపుడు నాలుక వెనుకకు ముడుచుకొని అంగిలి దగ్గరకు పోవును గాని అంటుకొనదు. ఇంట "ఏడు" అని, బడిలో "ఏఴు" అని చెప్పు మధుర తెలుగు పిల్లవాని నాలుక దినమున ఎన్నో మార్లు ఈ రెండు పనుల నడుమ తిరుగుచుండును.

కొలుచు సాధనములు

నాలుక కదలికను కొలుచు పద్ధతులు పలు విధములు. ప్రతిదానికి ఒక మేలు, ఒక లోపము కలదు.

మొదటిది అంగిలి ముద్ర. అన్నిటికంటె పాతది, చవకైనది. బొగ్గుపొడిని నూనెలో కలిపి నాలుకకు పూసి, ఒక్క మాట పలికించి, అద్దము పెట్టి అంగిలిని ఫొటో తీయుదురు. నాలుక ఎక్కడ తాకినదో అక్కడ నల్లని మరక పడును. పసుపు చేతిని గోడకు అద్దినట్లే. అయితే ఒక్క మాటకు ఒక్క ముద్రయే వచ్చును, కదలిక తెలియదు.

రెండవది విద్యుత్ అంగిలి. దంతవైద్యుడు అచ్చు తీసి, ఆ మనిషి నోటికి సరిపోవు పలుచని పలకను చేయును. దానిలో 62 చిన్న లోహపు చుక్కలుండును. నాలుక తాకిన చుక్క తెర మీద వెలుగును. ఒక సెకనులో నూరు మార్లు, అంతకు మించియు ఈ చిత్రము మారుచుండును గనుక తాకుట, విడుచుట స్పష్టముగా తెలియును. తాకని కదలిక మాత్రము దీనికి కనబడదు. ఎవరి పలక వారికే చేయించవలసి యుండుటచే ఖర్చు ఎక్కువ.

మూడవది అల్ట్రాసౌండు. గర్భిణీ స్త్రీలకు స్కానింగు చేయు యంత్రమే. దాని తలను గడ్డము క్రింద ఆనించినచో ధ్వని తరంగములు నాలుకలోనికి పోయి, నాలుక పైనున్న గాలిని తాకి వెనుకకు మరలును. నాలుక పై అంచు తెర మీద తెల్లని గీతగా కనబడి కదలును. నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు, పిల్లలకు కూడ తగినది. అయితే నాలుక మడిచినపుడు కొన క్రింద గాలి చేరుటచే కొన తరచు మరుగుపడును. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ పరిశోధకులు టొరొంటో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞునితో కలిసి, కన్నడములోని ఒత్తు "ట్ట", "డ్డ" వంటి ధ్వనులను అల్ట్రాసౌండుతోను, క్రింద చెప్పబోవు అయస్కాంత పద్ధతితోను కొలిచి 2014లో ప్రకటించిరి. నాలుక వెనుకకు మడగి అంగిలిని తాకి అక్కడనే ఆగదనియు, ముందునకు జారుచు విడివడుననియు ఇట్టి కొలతల వలన తెలియుచున్నది.

ఇందు ఒక విశేషము కలదు. అల్ట్రాసౌండున నాలుక కనబడును గాని అంగిలి కనబడదు. మరి నాలుక అంగిలికి ఎంత దూరమున ఉన్నదో తెలియుట ఎట్లు? పరిశోధకులు ఆ మనిషిచేత ఒక గ్రుక్కెడు నీరు మ్రింగింతురు. మ్రింగునపుడు నోట గాలి తొలగి నాలుక, నీరు అంగిలిని ఒత్తుకొనుటచే ఆ క్షణమున అంగిలి గీత కూడ తెర మీదికి వచ్చును. దానిని గుర్తుంచుకొని పలుకును కొలుతురు. పలుకును కొలుచుటకు మ్రింగుటయే సాయపడుచున్నదన్నమాట.

నాలుగవది అయస్కాంత పద్ధతి. మెంతిగింజంత తీగచుట్టలను రెండు మూడింటిని నాలుక మీద జిగురుతో అతికింతురు. తల చుట్టును బలహీనమైన అయస్కాంత క్షేత్రములను ఏర్పరచినచో ఆ తీగచుట్టలలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. దానినిబట్టి ప్రతి చుట్ట ఎక్కడ ఉన్నదో మిల్లీమీటరు కంటె తక్కువ తేడాతో, సెకనుకు వందలకొలది మార్లు కంప్యూటరు లెక్కకట్టును. కదలిక యొక్క వేగము, దూరము అంకెలుగా వచ్చుట దీని గొప్పతనము. నాలుక మొత్తము గాక, అతికించిన చుక్కలు మాత్రమే తెలియుట దీని లోపము.

ఐదవది ఎమ్మారై. పెదవి నుండి గొంతు వరకు నాలుక మొత్తమును ఒక్కసారిగా చూపునది ఇదియే. ఒకప్పుడు ఒక ధ్వనిని పట్టి చాలసేపు నిలుపవలసి వచ్చెడిది. ఇప్పుడు మాట్లాడుచుండగనే సెకనుకు ఎనుబదికి పైగా చిత్రములు తీయగల పద్ధతులు వచ్చినవి. అయితే యంత్రము మిక్కిలి ఖరీదు, చప్పుడు మెండు, పైగా వెల్లకిల పండుకొని మాట్లాడవలెను.

యంత్రము లేని కొలత కూడ ఒకటి కలదు. "త త త" అనియు, "ప త క" అనియు ఆగకుండ పలికించి, సెకనుకు ఎన్ని అక్షరములు వచ్చినవో లెక్కింతురు. ఆరోగ్యవంతులైన పెద్దలు ఒకే అక్షరమును సెకనుకు ఇంచుమించు 5 నుండి 7 మార్లు పలుకుదురు. వేగము బాగుగ తగ్గినను, లయ తప్పినను నాలుకకు ఆజ్ఞ ఇచ్చు మార్గమున ఏదో తేడా ఉన్నదని స్పీచ్ థెరపిస్టు గ్రహించును.

మ్రింగుట అను సాహసము

అన్నము తినునపుడు పొలమారినచో "ఎవరో తలచుకొనుచున్నారు" అని నెత్తిన తట్టుట మన ఇండ్ల ఆచారము. ఎప్పుడో ఒకనాడు పొలమారుట అందరికి సహజమే. ముద్దముద్దకు పొలమారుచున్నచో మాత్రము అది తలపు కాదు, హెచ్చరిక.

మ్రింగుటలో జరుగునది ఇది. పండ్లు నమలిన ఆహారమును నాలుక ప్రోగుచేసి ముద్దగా కట్టును. కొన పై పండ్ల వెనుక అంగిలికి అదుముకొనును. అక్కడ నుండి నాలుక అల వలె ముందు నుండి వెనుకకు అంగిలిని ఒత్తుకొనుచు ముద్దను గొంతులోనికి త్రోయును. అంతవరకు అది మన ఇచ్ఛ. ముద్ద గొంతు చేరిన పిమ్మట పని తనంతట తాను జరుగును. స్వరపేటిక పైకి లేచును, దాని మూత వాలును, స్వరతంత్రులు మూసుకొనును, ఊపిరి క్షణకాలము నిలిచిపోవును, ముద్ద అన్నవాహికలోనికి జారును. గొంతులోని ఈ భాగమంతయు ఇంచుమించు ఒక్క సెకనులో ముగియును. గాలికిని అన్నమునకును గొంతులో దారి ఒక్కటే. ఆ ఒక్క సెకను ఏర్పాటు తప్పినచో నీరో మెతుకో శ్వాసనాళమున పడును. అది మాటిమాటికి జరిగినచో ఊపిరితిత్తులకు చీము పట్టి న్యుమోనియా వచ్చును.

దీనిని కొలుచుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. మొదటిది ఎక్స్‌రే వీడియో. ఎక్స్‌రేలో కనబడు బేరియము అను పొడిని నీటిలోను, పలుచని జావలోను, ముద్దలోను కలిపి కొద్దికొద్దిగా ఇచ్చి, మ్రింగుచుండగా సెకనుకు 30 చిత్రముల వరకు తీయుదురు. నాలుక ఎంత త్రోసినది, ముద్ద ఎక్కడ నిలిచినది, శ్వాసనాళమున ఏమైన పడినదా అను సంగతులు నిదానముగా త్రిప్పి చూడవచ్చును. పరీక్ష కొద్ది నిమిషములలో ముగియును.

రెండవది ముక్కు గుండ సన్నని గొట్టపు కెమెరాను గొంతు వరకు పంపి చూచుట. దీనిని 1988లో వైద్యలోకమునకు వివరించిరి. మంచము ప్రక్కనే చేయవచ్చును, మామూలు అన్నముతోనే చేయవచ్చును. సరిగా మ్రింగు క్షణమున మాత్రము గొంతు ముడుచుకొనుటచే కెమెరాకు ఏమియు కనబడదు. ముందు, వెనుక చూచి గ్రహింపవలెను.

మూడవది నాలుక బలమును కొలుచు బుడగ. చిన్న గాలిబుడగను నాలుక మీద పెట్టి, దానిని అంగిలికి అదిమి నొక్కమందురు. ఆరోగ్యవంతులైన పెద్దలు సగటున 60 కిలోపాస్కల్ వరకు ఒత్తిడి చూపుదురు. రక్తపోటును కొలుచు లెక్కలో చెప్పినచో అది సుమారు 450. మన రక్తపోటు పై అంకె 120 అని తలచినచో నాలుక సత్తువ ఎంతటిదో తెలియును. మామూలుగా మ్రింగుటకు అంత అవసరము లేదు, మిగిలినది నిలువ సొమ్ము. వయసు పైబడిన కొలది మ్రింగుటకు కావలసిన ఒత్తిడి తగ్గదు గాని ఆ నిలువ తరిగిపోవును. జ్వరమో పక్షవాతమో వచ్చిన నాడు తీసి వాడుకొనుటకు మిగులు ఉండదు.

అయితే ఇది తిరిగి సంపాదింపదగిన సొమ్ము. 2005లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో ఆరోగ్యముగా ఉన్న వృద్ధులచేత ఎనిమిది వారములు ఇట్టి బుడగను నొక్కు సాధన చేయింపగా, వారి నాలుక బలము పెరిగినది. చేతికి, కాలికి వలెనే నాలుకకును వ్యాయామము ఫలించును.

ఇంటివారు గమనింపవలసినవి

పక్షవాతము వచ్చిన తొలి దినములలో ఇంచుమించు సగము మందికి మ్రింగుట కష్టమగును. వణుకు వ్యాధి, నోటి క్యాన్సరు శస్త్రచికిత్స, మెడకు రేడియేషన్ చికిత్స పొందినవారికి కూడ ఈ కష్టము కలుగును. ఈ క్రింది గుర్తులు కనబడినచో "వయసు మీద పడినది" అని ఊరకుండరాదు.

నీరు త్రాగిన వెంటనే దగ్గు వచ్చుట. తిన్న పిమ్మట గొంతు తడిసినట్లు గురగురలాడుట. ముద్ద చాలసేపు బుగ్గన నిలిచియుండుట. భోజనము మునుపటి కంటె ఎంతో ఆలస్యమగుట. కారణము తెలియకుండ బరువు తగ్గుట. మాటిమాటికి జ్వరము, కఫము వచ్చుట. కొందరికి శ్వాసనాళమున నీరు పడినను దగ్గు రాదు. దగ్గు లేదు గనుక భయము లేదని తలచుట పొరపాటు.

చాలమంది తెలియక చేయు పని ఒకటి కలదు. రోగి మగతగా ఉన్నప్పుడు "రెండు చుక్కల నీళ్ళైన గొంతులో పోయుడు" అందురు. మ్రింగలేనివానికి గట్టిముద్ద కంటె పలుచని నీరే తరచు ఎక్కువ ప్రమాదకరము. నాలుక పట్టి నిలుపకముందే నీరు జారిపోవును. మెలకువ లేనివానికి నోట ఏమియు పోయరాదు. మెలకువ ఉన్నవానిని నిటారుగా కూర్చుండబెట్టి, కొద్దికొద్దిగా, తొందర లేక పెట్టవలెను. చారన్నము వంటి నీరు, మెతుకు కలిసిన వంటకము కంటె ఒకే తీరుగ మెదిపిన మెత్తని సంగటో, చిక్కని జావో కొందరికి సులభము. ఎవరికి ఏది తగునో పరీక్ష చేసినవారే చెప్పవలెను. రెండు పూటల నోటిని శుభ్రము చేయుట మాత్రము అందరికి మేలు. మురికి నోటి నుండి జారిన ఉమ్మియే ఊపిరితిత్తులకు ఎక్కువ హాని చేయును.

మాట హఠాత్తుగా ముద్దగా వచ్చినను, మూతి ఒకవైపు జారినను, చేయి పడిపోయినను క్షణమాలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. రక్తపు గడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలసి యుండును.

ఇంటి భాషను చెప్పుట మరువరాదు

కోయంబత్తూరులోనో మధురలోనో ఆసుపత్రికి పోయినపుడు మనవారు తమిళమున మాట్లాడుదురు. కాగితము మీద భాష తమిళమని వ్రాయబడును. అది సహజమే. కాని పక్షవాతము వచ్చిన అవ్వ ఏబది ఏండ్లుగా వంటింట, పొలమున, మనుమలతో మాట్లాడినది తెలుగు. ఆమెను తమిళమున మాత్రమే పరీక్షించినచో సగము మనిషినే పరీక్షించినట్లగును.

ఇందు రెండు వేరువేరు సంగతులు కలవు. నాలుక కదలక మాట ముద్దయగుట ఒకటి. నాలుక బాగుగనే ఉన్నను మాట తోచకపోవుట మరియొకటి. మొదటిది రెండు భాషలను కలిపి చెరచును. రెండవది అట్లు కాదు. రెండు భాషలు తెలిసినవారికి పక్షవాతము వచ్చినపుడు రెండును ఒకే తీరుగ దెబ్బతినవలెనని గాని, ఒకే వేగముతో తిరిగి రావలెనని గాని లేదు. తమిళమున బదులు చెప్పలేని అవ్వకు తెలుగున మాట మిగిలియుండవచ్చును. అది వైద్యునకు తెలియవలెనన్నచో చెప్పవలసినది ఇంటివారే.

కనుక పరీక్షకు పోవునప్పుడు "ఇంట మేము తెలుగు మాట్లాడుదుము, మా ఇంటి తెలుగు ఇట్లుండును" అని ముందే తెలుపవలెను. ఇంటిలో నిత్యము వాడు మాటలు ఇరువది ముప్పదింటిని, తమిళ లిపిలోనైనను సరే, వ్రాసి తీసికొనిపోవుట మంచిది. వానిలో త–ట, ద–డ, ల–ళ, న–ణ జంటలు ఉండునట్లు చూచుకొన్నచో నాలుక మడుపు సరిగా ఉన్నదో లేదో తేలికగా తెలియును. రోగి ఆరోగ్యముగా ఉన్ననాటి సెల్‌ఫోను రికార్డు ఒకటి ఉన్నచో మరింత మేలు. మునుపు ఎట్లు పలికెడివారో దానినిబట్టి తెలియును. పరీక్ష గదిలో తెలుగు తెలిసిన ఇంటివారొకరు ఉండుట తప్పనిసరి.

పిల్లల మాట

పిల్లల విషయమున దీనికి ఎదురు తప్పు జరుగును. లోపము లేనిచోట లోపమెంచుట. తెలుగు ఇంటి పిల్లవాడు "వాఴైపఴం" అనవలసినచోట "వాళపళం" అన్నచో, తెలుగు నాలుక గనుక తిరుగలేదని అందురు. కాని మధుర వైపు తమిళులే వాడుకలో "ఴ"ను "ళ"గా పలుకుదురు. పిల్లవాడు చుట్టుపట్ల విన్నదే పలుకుచున్నాడు. అట్లే చెప్పు, చేను అనునపుడు ఒక విధముగను, చాప, చుట్ట అనునపుడు పండ్లకు దగ్గరగను పలుకు మన చకారపు రెండు తీరులు తమిళ ఉపాధ్యాయునకు వింతగా తోచవచ్చును. ఇది భాష తేడాయే గాని నాలుక దోషము కాదు. రెండు భాషలు వినుట వలన నత్తి వచ్చునని ఇంట తెలుగు మానిపించుటకు ఆధారము లేదు.

నిజమైన దోషమును గుర్తించుట సులభమే. అది రెండు భాషలలోను కనబడును. నాలుగేండ్లు నిండినను పిల్లవాని మాట బయటివారికి అర్థము కాకున్నను, తెలుగు "తాత"ను, తమిళ "తాత్తా"ను కూడ "కాక" వలె పలుకుచున్నను, నమలుటకు, మ్రింగుటకు కష్టపడుచున్నను, ముందు వినికిడిని, పిదప నాలుకను పరీక్షింపజేయవలెను. నాలుక క్రింది తీగ బిగువుగా ఉన్నదని తోచినను, కోయించుటకు ముందు స్పీచ్ థెరపిస్టు అభిప్రాయము తీసికొనుట మేలు.

నాలుకను కొలుచు యంత్రములు అన్ని ఊళ్ళలో లేవు. అన్ని ఇండ్లకు అవసరమును లేవు. కాని కొలువదగిన దానిని "వయసు", "అలవాటు", "తలరాత" అని సరిపెట్టుకొనుట తగదని ఆ యంత్రములు నేర్పుచున్నవి. ఇంటిలోని పెద్దలు భోజనమునకు కూర్చున్నప్పుడు ఒక పూట ప్రక్కన కూర్చుండి చూడుడు. వారు చెప్పు మాటలను ఒక గంటసేపు ఫోనులో పట్టియుంచుడు. మొదటిది వారి ప్రాణమునకు కాపు. రెండవది అయిదు వందల ఏండ్లుగా కాగితము తోడు లేక నాలుక మీదనే నడచి వచ్చిన తెలుగునకు కాపు.